భుజం బర్సైటిస్: సూది పడగానే ఎక్సర్‌సైజులు మానేస్తున్నారా?

"నొప్పి పోయింది కదండీ, ఇంకా ఈ ఎక్సర్‌సైజులు ఎందుకు?" ఫిజియోథెరపిస్టుగా నేను ఈ మాట వినని వారం లేదు. భుజంలో ఎముకలకీ కండరాలకీ మధ్య మెత్తలా ఉండే చిన్న ద్రవపు సంచి, అంటే బర్సా, వాస్తే దాన్నే బర్సైటిస్ అంటారు. దానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని నొప్పి తగ్గినవాళ్ల మాట ఇది.

అపోహ: ఇంజెక్షన్‌తో బర్సైటిస్ నయమైపోయినట్టే.

కాదు. స్టెరాయిడ్ వాపును తీస్తుంది, వాపు తెచ్చిన కారణాన్ని తియ్యదు. చాలామందిలో రొటేటర్ కఫ్ (భుజం కీలును పట్టి ఉంచే కండరాల గుంపు) బలహీనపడి ఉంటుంది, చెయ్యి ఎత్తేటప్పుడు వీపు మీది రెక్క ఎముక సరిగ్గా తిరగదు. మధ్యలో ఉన్న బర్సా ఎత్తినప్పుడల్లా నలుగుతుంది. సూది మందు కండరానికి బలం ఇవ్వలేదు. దాని పనితనం కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. నొప్పి లేని ఆ రోజులు ఎక్సర్‌సైజులు చేసుకోవడానికి దొరికిన గడువు. దాన్ని చేజేతులా పోగొట్టుకుంటుంటే చూడలేను.

ఒక టీచర్‌గారు బోర్డు పైభాగంలో రాయలేక వచ్చారు. సూది వేయించుకున్న నాలుగో రోజుకే చెయ్యి చెవి దాకా లేచింది. ఆ తర్వాత రావడం మానేశారు. మూడు నెలలకు కుడి మోచేతిని ఎడమచేత్తో పట్టుకుని మళ్లీ వచ్చారు. అద్దం ముందు నిలబెట్టి చెయ్యి పక్కకి ఎత్తమన్నాను. సగం ఎత్తేసరికి భుజం మొత్తం చెవి వైపు ఎగదన్నింది. "మొదట్లోనూ ఇలాగే ఉండేదా?" అని ఆయనే అడిగారు. అచ్చం ఇలాగే ఉండేది. ఈసారి సూది జోలికి పోకుండా రబ్బర్ బ్యాండ్‌తో పది వారాలు ఓపిగ్గా చేశారు. ఇప్పుడు బోర్డు పై అంచు నుంచే మొదలుపెడుతున్నారు.

అపోహ: మళ్లీ నొప్పొస్తే మళ్లీ సూది.

మాటిమాటికీ వేస్తే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ఒకే భుజానికి ఏడాదిలో మూడు నాలుగుకు మించి డాక్టర్లు సాధారణంగా వేయరు.

అపోహ: స్టెరాయిడ్ అంటే ఎముకలు గుల్ల.

ఆ భయం నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లకి సంబంధించింది. ఒక్క సూదికి అంత టెన్షన్ వద్దు. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌కి ముందే చెప్పాలి. కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, చూసుకుంటూ ఉండాలి.

అపోహ: సూది తర్వాత చెయ్యి కదపకూడదు.

ఒకటి రెండు రోజులు బరువులు వద్దు, అంతే. ముందుకు వంగి చేతిని వేలాడదీసి మెల్లగా ఊపడంతో మొదలుపెట్టండి. బలం పెంచే ఎక్సర్‌సైజులు ఎప్పటినుంచో మీ ఫిజియో చెబుతారు. భయపడి చేతిని వారాల తరబడి ఒంటికి కట్టేసుకుంటే భుజం బిగుసుకుపోతుంది.

అపోహ: ఆ రాత్రి నొప్పి పెరిగితే సూది వికటించినట్టే.

అర్ధరాత్రి ఏడుస్తూ నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. సూదిలో కలిపిన మత్తుమందు కొన్ని గంటల్లో దిగిపోతుంది, స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈ మధ్యలో నొప్పి పెరగడం మామూలే. బట్టలో చుట్టిన ఐస్ పెట్టుకోండి. అయితే జ్వరం వచ్చినా, భుజం ఎర్రబడి వాపు పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.