రోమ్ ట్రిప్పుకు వారం చూసుకోవాలి: కొన్ని అపోహలు - వాస్తవాలు

విదేశీ ప్రయాణాలు ప్లాన్ చేసిపెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా మన తెలుగు కుటుంబాలే. హైదరాబాద్, విజయవాడల నుంచి నేరుగా వెళ్లేవాళ్లు కొందరు. జర్మనీలోనో లండన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, పనిలో పనిగా ఓ మూడు రోజులు ఎటైనా తిరిగొద్దామనుకునే అమ్మానాన్నలు ఇంకొందరు. వాళ్లు అడిగే ఊళ్లలో రోమ్ ముందు వరసలో ఉంటుంది. ఫోన్ ఎత్తగానే "ఏ నెల బాగుంటుందండీ?" అంటారు. నెల సంగతి తర్వాత, ఏ వారం దిగుతున్నారో ముందు చెప్పండి అంటాను. ప్రయాణానికి వారం, వర్జ్యం చూసుకోవడం మనకు అలవాటే. వర్జ్యం మీ ఇష్టం, రోమ్‌కు మాత్రం వారం చూసుకోవాల్సిందే.

అపోహ: చూడాల్సినవి మూడు రోజులకు సరిపోతాయి. ఏ మూడు రోజులైనా ఒకటే.

ఒకటి కాదు. వాటికన్ మ్యూజియంలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా తీస్తారు, పన్నెండున్నర తర్వాత లోపలికి పంపరు. ఆ రోజు టికెట్ లేదు కాబట్టి తెల్లారేసరికే క్యూ గోడ చుట్టూ తిరిగి ఉంటుంది. ఆదివారం మూసి ఉంచిన ఒత్తిడంతా సోమవారం మీద పడుతుంది.

బుధవారం ఇంకో లెక్క. పోప్ ఊళ్లో ఉంటే ఆ ఉదయం జనరల్ ఆడియన్స్, అంటే ఆయన జనానికి కనిపించి మాట్లాడే సభ ఉంటుంది. మామూలుగా అది సెయింట్ పీటర్స్ చౌరస్తాలోనే జరుగుతుంది, అయ్యేదాకా సందర్శకులను అక్కడి పెద్ద చర్చి, అంటే బసిలికాలోకి రానివ్వరు. చర్చి చూద్దామని బుధవారం పొద్దున్నే వెళ్లేవాళ్లకు అది వృథా ప్రయాణం, పోప్‌ను చూడాలనుకునేవాళ్లకు అదే అసలు రోజు. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ ఆంథోని పూల కార్డినల్ (క్యాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి హోదా) అయ్యారు కదా, తెలుగువాళ్లలో ఆ పదవి అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. మన క్యాథలిక్ కుటుంబాలు ఈ ఆడియన్స్ గురించి ప్రత్యేకంగా అడుగుతుంటాయి. దాని టికెట్లు పూర్తిగా ఉచితం. ఎవరైనా టికెట్ పేరుతో డబ్బులు అడిగితే అక్కడే ఆగిపోండి.

శిల్పాలు, చిత్రాలు ఉండే బోర్గీజే గ్యాలరీకి సోమవారం సెలవు. కొలోసియంకు నెలలో మొదటి ఆదివారం ఉచితం, అయితే ఆ రోజు ముందస్తు బుకింగ్ ఉండదు, అక్కడికెళ్లి నిలబడాలి. డబ్బు మిగులుతుందని దాన్ని ఎంచుకునేవాళ్లకు నేను ఒకటే చెబుతాను: ఉండేదే మూడు రోజులైనప్పుడు అందులో ఒక పూట ఖరీదు ఆ టికెట్ కంటే ఎక్కువ.

వీటన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది మధ్యాహ్నం దగ్గర. రోమ్‌లో చాలా చర్చిలు మన గుళ్లలాగే మధ్యాహ్నం తలుపులు వేసేస్తాయి. పన్నెండు, పన్నెండున్నర ప్రాంతంలో మూస్తే మళ్లీ మూడున్నర, నాలుగుకు గానీ తీయరు. సెయింట్ పీటర్స్, శాంతా మరియా మజ్జోరె లాంటి పెద్ద బసిలికాలు మాత్రం రోజంతా తెరిచే ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్‌ను ఖననం చేసింది ఈ మజ్జోరెలోనే. టెర్మినీ స్టేషన్ నుంచి నడిచే దూరం. అందుకే నేను చిన్న చర్చిలు పొద్దున పూట, పెద్దవి మధ్యాహ్నం వేస్తాను.

శుక్ర, శని, ఆది అనుకుంటే వాటికన్ శుక్రవారం పెట్టుకోండి. ఆదివారం వీధులకు, చౌరస్తాలకు వదిలేయండి.

అపోహ: వాటికన్‌కు ఒక టికెట్ తీసుకుంటే అన్నీ అందులోనే.

మ్యూజియం వేరు, బసిలికా వేరు. సెయింట్ పీటర్స్ బసిలికాకు టికెట్టే లేదు, సెక్యూరిటీ క్యూ మాత్రం ఉంటుంది. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా పైకప్పుకు బొమ్మలు వేసిన సిస్టీన్ చాపెల్ ఉండేది మ్యూజియం టికెట్‌లో. మ్యూజియం గేటు బసిలికా పక్కన ఉండదు, ప్రహరీ చుట్టూ తిరిగి దాదాపు పావుగంట నడవాలి. పది గంటల స్లాట్ తీసుకుని పదికి బసిలికా ముందు దిగేవాళ్లకు పట్టుకునే టెన్షన్ ఇదే.

భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలన్న నియమం నిజంగానే పాటిస్తారు. చీర కట్టుకున్న నానమ్మకు ఏ ఇబ్బందీ ఉండదు, షార్ట్ వేసుకొచ్చిన మనవణ్నే గేటు దగ్గర ఆపేస్తారు. బసిలికా గోపురం ఎక్కాలంటే 551 మెట్లు. లిఫ్ట్ టికెట్ తీసుకున్నా పైన ఇంకా 320 మెట్లు మిగులుతాయి. లిఫ్ట్ ఉందనగానే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయల్దేరకండి. చివరికి వచ్చేసరికి దారి గోడతోపాటు పక్కకు ఒరిగి, మనిషి కూడా ఒంగి ఎక్కాల్సి వస్తుంది. మధ్యలో వెనక్కి తిరిగే వీలు దాదాపుగా ఉండదు.

అపోహ: కొలోసియం టికెట్లు సైట్‌లో అయిపోయాయంటే నిజంగా గిరాకీ అంత ఉందన్నమాట.

గిరాకీ ఉన్నమాట నిజమే. దానికి తోడు టికెట్లను మూకుమ్మడిగా లాగేసే బాట్‌లు, అంటే వాటంతటవే బుక్ చేసే కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఈ వ్యవహారంలోనే టికెట్లు అమ్మిన సంస్థకు, కొన్ని టూర్ కంపెనీలకు కలిపి దాదాపు 2 కోట్ల యూరోల జరిమానా వేసింది. మామూలు టికెట్ 18 యూరోలు. అందులోనే రోమన్ ఫోరం, పాలటైన్ కొండ వస్తాయి, 24 గంటలు చెల్లుతుంది. అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు అమ్మకానికి పెడతారు. ఆ తేదీకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయాలి. మన ఇంటిపేర్ల గందరగోళం తెలిసిందేగా, ఇక్కడ ముద్దుపేర్లు, పొడి అక్షరాలు పనికిరావు.

బోర్గీజేకు కూడా ముందే బుక్ చేసుకోవాలి. రెండేసి గంటల స్లాట్లుంటాయి, టైమ్ అవగానే బయటికి పంపేస్తారు. అయినా వదులుకోవద్దు. శిల్పి బెర్నీనీ చెక్కిన అపోలో-డాఫ్నె విగ్రహం అక్కడే ఉంది. ముందు నుంచి చూసి వెళ్లిపోకుండా చుట్టూ తిరగండి. చెట్టుగా మారిపోతున్న డాఫ్నె వేళ్లు ఆకులవుతున్న చోట పాలరాయి ఎంత పలచగా ఉందో పక్క నుంచి చూస్తేనే తెలుస్తుంది.

అపోహ: ఎయిర్‌పోర్ట్ నుంచి రైలే చౌక.

ఒక్కరికైతే అవును. ఫ్యుమిచీనో ఎయిర్‌పోర్ట్ నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాల్లో టెర్మినీకి చేరుస్తుంది, మనిషికి 14 యూరోలు. నలుగురు పెద్దవాళ్లయితే 56. నగర ప్రాచీన ప్రాకారం లోపలికి తెల్ల టాక్సీలకు ఉన్న ఫిక్స్‌డ్ రేటు కూడా యాభై పైచిలుకే. రేటు మనిషికి కాదు, బండికి. పెట్టెలతో సహా హోటల్ గుమ్మం ముందు దింపుతారు. లోపల "టాక్సీ కావాలా" అంటూ వెంటపడేవాళ్లతో మాత్రం వెళ్లకండి, బయట టాక్సీ స్టాండ్‌కే వెళ్లండి.

అపోహ: మెట్రో పక్కన హోటల్ ఉంటే ఊరంతా మెట్రోలోనే తిరగొచ్చు.

పారిస్, లండన్ చూసొచ్చినవాళ్లు ఇలా అనుకుంటారు. రోమ్‌లో ఎక్కడ తవ్వినా పురాతన కట్టడాలు బయటపడతాయి, అందుకే మెట్రో లైన్లు తక్కువ. మెట్రో సి (C) లైన్ కొలోసియం దాకా వచ్చింది 2025 డిసెంబరులోనే. తవ్వకాల్లో దొరికినవాటిని ఆ స్టేషన్‌లోనే పెట్టారు, దిగితే చూడండి. ప్రాచీన రోమన్ గుడి పాంథియన్ పక్కన, నవోనా చౌరస్తా పక్కన ఇప్పటికీ మెట్రో లేదు. అక్కడ నడకే. నల్లరాతి దిమ్మలు పరిచిన వీధులవి, వాటి మీద చక్రాల పెట్టె లాగడం నరకం. కొత్త చెప్పులు ఇంట్లో పెట్టి, కాలికి అలవాటైన బూట్లు వేసుకెళ్లండి. కాంటాక్ట్‌లెస్ కార్డు ఉంటే మెట్రోకు విడిగా టికెట్ కొనక్కర్లేదు. ఒక్కొక్కరికీ వేరే కార్డు కావాలి.

అపోహ: ఇటలీలో శాకాహారులకు బెంగేముంది, పిజ్జా, పాస్తా ఉన్నాయిగా.

రోమ్ సొంత పాస్తాల్లో కార్బొనారా, అమాత్రిచానా రెండింట్లోనూ పంది దవడ మాంసం పడుతుంది. పేర్లు చూసి పోల్చుకోలేరు. కాచొ ఎ పెపె అనేది చీజ్, మిరియాలు వేసి చేసే పాస్తా. గుడ్డు కూడా ఉండదు, మాంసం ఉండదు. కానీ అందులో పడే పెకొరీనో రొమానో చీజ్‌ను గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. ఇది ముందే చెప్పేస్తాను, తినాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. అస్సలు వద్దనుకుంటే పిజ్జా మరినారా అడగండి: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే, చీజే ఉండదు.

మధ్యాహ్నం పూటకు నేను చెప్పేది పిజ్జా ముక్కలు అమ్మే కొట్లు. పెద్ద పళ్లెంలో పలకలా ఉన్న పిజ్జా మీద కత్తి పెట్టి, ఇంత చాలా అన్నట్టు చూస్తారు. మీరు చేత్తో ఇంకాస్త ఇటు, అటు అని చూపిస్తే అక్కడ కోసి, తూకం వేసి ఇస్తారు. బోర్డు మీది రేటు కిలోకా, 100 గ్రాములకా అన్నది చూసుకోండి. ఇక అన్నం, పప్పు లేనిదే పెద్దవాళ్లకు పొద్దుపోదనుకుంటే కిచెన్ ఉన్న గది తీసుకోండి. టెర్మినీ దగ్గర ఎస్క్విలీనో మార్కెట్‌లో బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి.

అపోహ: అక్కడ అడుగు తీసి అడుగేస్తే డబ్బే.

హోటల్ బుకింగ్‌లో కలవని నగర పన్ను ఒకటుంది, 3 స్టార్ హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోలు, అది అక్కడే కట్టాలి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఎక్కువ రేటు. పాంథియన్‌కు 2023 జులై నుంచి టికెట్ పెట్టారు. నీళ్లు మాత్రం కొనకండి. వీధుల్లో దాదాపు 2,500 ఇనుప కొళాయిలున్నాయి, 1874 నుంచి పెడుతూ వచ్చినవి. వంపు గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న చిల్లులోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. పిల్లలకు అదో ఆట.

గొప్ప బొమ్మలు కూడా కొన్ని ఉచితమే. పాంథియన్ పక్క సందులో సాన్ లుయీజీ దెయి ఫ్రాంచేజీ చర్చిలో చిత్రకారుడు కరవాజ్జో వేసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడున్నాయి. చీకటిగా ఉంటే పక్కనున్న డబ్బాలో నాణెం వేయండి, కాసేపు లైటు వెలుగుతుంది. చిల్లర దగ్గర ఉంచుకోండి. కొలోసియంకు దగ్గర్లో సాన్ పియెత్రో ఇన్ వింకొలిలో మైకెలాంజెలో మోషే విగ్రహం ఉంది, దానికీ టికెట్ లేదు.

అపోహ: ఎలాగూ వెళ్తున్నాం కదా, ఫ్లారెన్స్, వెనిస్ కూడా కలిపేద్దాం.

మూడు రోజుల్లోనా? వద్దు. ఫ్లారెన్స్‌కు స్పీడ్ రైలు గంటన్నరే, అది ఒప్పుకుంటాను. కానీ గది ఖాళీ చేయడం, పెట్టెలు మోయడం, స్టేషన్‌లో ఎదురుచూడటం కలిపితే ప్రతి ఊరు మారినప్పుడూ ఒక పూట పోతుంది.

అపోహ: యూకే వీసా ఉంటే ఇటలీకి వెళ్లొచ్చు.

వెళ్లలేరు. లండన్‌లో చదివే పిల్లలకైనా, వాళ్లను చూడ్డానికి వెళ్లిన అమ్మానాన్నలకైనా షెంగెన్ వీసా, అంటే ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా కావాలి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు అక్కర్లేదు. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, ప్రయాణానికి 15 రోజుల లోపు అయితే తీసుకోరు. సెలవుల సీజన్‌లో అపాయింట్‌మెంట్లు దొరకవు, కాబట్టి ముందు వీసా సంగతి చూసుకుని, ఆ తర్వాత కొలోసియం అలారం పెట్టుకోండి.