మామోగ్రామ్ పరిశోధన కోసం కంప్యూటర్‌లో రొమ్మును ఎందుకు తయారుచేశారు?

మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్-రే) రిపోర్టులో 'డెన్స్ బ్రెస్ట్' అని కనబడితే చాలు, ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. అది జబ్బేమీ కాదు. రొమ్ములో కొవ్వు తక్కువగా, గ్రంథుల కణజాలం ఎక్కువగా ఉందని చెప్పడమే. చిక్కల్లా ఎక్స్-రేతోనే. అందులో కొవ్వు నల్లగా, గ్రంథులు తెల్లగా పడతాయి. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది కాబట్టి, మంచు కమ్మిన తిరుమల ఘాట్ రోడ్డులో తెల్లకారులా కంటికి ఆనకుండా పోతుంది. చిన్న వయసువాళ్లలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకంటే తక్కువ వయసులోనే బయటపడుతోంది.

1913లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ అనే సర్జన్, ఆపరేషన్‌లో తీసేసిన సుమారు 3,000 రొమ్ములకు ఎక్స్-రేలు తీసి చూశాడు. 1960 నాటికి అమెరికాలో రాబర్ట్ ఈగన్ ఈ పరీక్షను నమ్మకంగా చేసే పద్ధతి చూపించాడు. ఆ తర్వాత మెషిన్లు మారుతూ వచ్చాయి. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: పాతదానికంటే కొత్తది మేలని తేల్చేదెలా? ఒకే మనిషిని రెండు మెషిన్ల కింద పెడితే రేడియేషన్ రెండింతలు. పైగా ఎవరి రొమ్ములో గడ్డ ఉందో, ఎక్కడుందో ముందే తెలియదు.

అందుకే ఫాంటమ్‌లు, అంటే మనిషికి బదులు మెషిన్ కింద పెట్టే నకిలీ రొమ్ములు వచ్చాయి. యాక్రిలిక్ దిమ్మెలో మైనం అచ్చు, దానిలో సన్నని పోగులు, చుక్కలు, చిన్న ముద్దలు. మెషిన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి ఇవి బాగా పనికొస్తాయి. కానీ గడ్డను దాచేది చుట్టూ ఉన్న కణజాలమైతే, ఏమీ దాచని నున్నటి దిమ్మె దగ్గర అసలు పరీక్ష ఎలా జరుగుతుంది?

2002లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ప్రెడ్రాగ్ బాకిచ్ బృందం కంప్యూటర్‌లోనే త్రీడీ రొమ్మును కట్టి, దాని నుంచి మామోగ్రామ్‌లు పుట్టించింది. 2009లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు నిజమైన రొమ్ము సీటీ స్కాన్‌ల ఆధారంగా నమూనాలు చేశారు. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏలో క్రిస్టియన్ గ్రాఫ్ 2016లో చూపించిన నమూనాలో చర్మం, కొవ్వు తిత్తులు, కొమ్మలుగా చీలే పాలనాళాలు, రొమ్మును పట్టి ఉంచే కూపర్ లిగమెంట్లు, రక్తనాళాలు అన్నీ ఉన్నాయి. కొలతలు మారిస్తే ఇంకొక 'మనిషి' తయారు. ఆ రొమ్మును రెండు పలకల మధ్య అదిమినట్టు లెక్కకట్టి, ఎక్స్-రే కణాలు ఒక్కొక్కటీ ఎటు పోతాయో మాంటే కార్లో పద్ధతిలో (పాచికలు వేసినట్టు యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కకట్టి) వెంటాడతారు. గడ్డను పెట్టేది మనమే కాబట్టి అదెక్కడుందో కచ్చితంగా తెలుసు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే.

2018లో ఎఫ్‌డీఏకు చెందిన ఆల్డో బడానో బృందం 'విక్టర్' అనే ట్రయల్ ఫలితాలు ప్రకటించింది. అందులో 2,986 మంది 'రోగులు', ఒక్కరూ మనుషులు కారు. మామూలు డిజిటల్ మామోగ్రఫీకంటే పలుచటి పొరలుగా చూపించే టోమోసింథసిస్ మేలని తేలింది. గడ్డల విషయంలో, నిజమైన రోగులతో అంతకుముందు జరిగిన ట్రయల్ చెప్పింది కూడా ఇదే. క్యాన్సర్‌కు గుర్తు కాగల సన్నని కాల్షియం చుక్కల దగ్గర మాత్రం ఈ రెండు ట్రయల్స్ లెక్కా కలవలేదు. కాబట్టి నిజమైన రోగులపై చేసే ట్రయల్స్ ఇక అక్కర్లేదని అనలేం.

ఇక మన సంగతి. ఈ నమూనాల్లో రొమ్ముల సైజులు, డెన్సిటీల పాళ్లు ఎవరివి? ఎక్కువగా అమెరికా ఆడవాళ్లవి. పలమనేరు నుంచో, శ్రీకాళహస్తి నుంచో పరీక్షకు వచ్చే నలభై ఏళ్ల మనిషికి అవే పాళ్లు సరిపోతాయని ముందే అనుకోవడం సబబు కాదు. విక్టర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, 2022లో మొదలైన టాటా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఏర్పేడులో ఐఐటీ ఉంది. రోగుల అనుమతి తీసుకుని, పేర్లు తీసేసిన మామోగ్రామ్‌ల నుంచి మనవాళ్ల డెన్సిటీ, అదిమాక ఉండే మందం, వయసు లెక్కలు తీస్తే, ఆ కొలతలతో మన నమూనాలు ఇక్కడే కట్టవచ్చు.