చుక్కలో పుట్టే తుప్పు

హనుమకొండలో ఇంటర్ చదివే మా మేనల్లుడు సినిమాలో చూసిన కత్తికి నకలు చేశాడు. చెప్పుల సోల్‌కు వాడే ఈవీఏ ఫోమ్ షీటు కోసి, వెండి రంగు కొట్టి, యుద్ధం చూసొచ్చిన కత్తిలా ఉండాలని అంతటా గోధుమ రంగు పులిమాడు. "బురదల వడ్డట్టున్నది గని, తుప్పు పట్టినట్టు లేదు మామా" అన్నాడు.

వాడి కన్ను సరైందే. తుప్పు ఎప్పుడూ అంతటా ఒకేలా పట్టదు.

బడిలో మూడు పరీక్షనాళికల్లో మేకులు వేసి, గాలీ నీరూ రెండూ ఉంటేనే తుప్పు అని చూపిస్తాం. మొదటి మరక మేకు మీద ఎక్కడ వచ్చిందో మాత్రం పిల్లల్ని అడగం. అసలు అందమంతా అక్కడే ఉంది!

గరుకు కాగితంతో రుద్దిన ఇనుప రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి, గంటా రెండు గంటలు ఆగండి. చుక్క నడిమధ్యన కాదు, మధ్యకూ అంచుకూ నడుమ గోధుమ రంగు ఉంగరం తేలుతుంది. అంచున నీరు పలచన కాబట్టి గాలిలోని ఆక్సిజన్ ఇట్టే చేరుతుంది. మధ్యలో నీరు మందం, ఉన్న ఆక్సిజన్ అయిపోతే కొత్తది రావడం ఆలస్యం. అందుకని ఇనుము మధ్యలో కరుగుతుంది. ఒక్కో పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలి, ఫెర్రస్ అయాన్‌గా నీళ్లలోకి దిగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచే అంచుకు పోతాయి. అక్కడ ఆక్సిజన్, నీరు వాటిని అందుకుని హైడ్రాక్సైడ్ అయాన్లవుతాయి. హైడ్రాక్సైడ్ అయాన్లు లోపలికి, ఫెర్రస్ అయాన్లు బయటికి నడిచి, దారిలో కలుసుకున్న చోట తుప్పు పుడుతుంది. చిన్న నీటి చుక్క అచ్చంగా బ్యాటరీ అయిపోయిందన్నమాట. ఉప్పు ఆ అయాన్ల నడకను సులువు చేస్తుంది. దీన్ని ఎవాన్స్ చుక్క అంటారు.

అంటే గుంట పడేది ఒకచోట, మరక కనిపించేది ఇంకోచోట. అందుకే వాడితో గోధుమ రంగు తుడిపించి, ముందు సన్నని నల్ల చుక్కలు పెట్టించాను. వాటి చుట్టూ జాజు. మన పల్లెల్లో గోడలకూ గడపలకూ పూసే జాజు కూడా ఐరన్ ఆక్సైడే. కాకపోతే తుప్పులో నీటి పాలు ఉంటుంది, రంగు పసుపువైపు తిరుగుతుంది. కాబట్టి జాజులో కాస్త పసుపు రంగు కలపాలి.

శనివారం ఇనుము కొంటే కీడని మా అమ్మ ఇప్పటికీ కొననివ్వదు. తుప్పుకు వారంతో పని లేదు, చెమటతో ఉంది. చేతి చెమటలో ఉప్పుంటుంది కనుక పిడి పక్కన, వేళ్లు తగిలే చోట తుప్పు ముందు పడుతుంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన పేరుమోసిన ఉక్కు కూడా, నూనె రాయకపోతే, ఇలాగే తుప్పు పడుతుంది.

గీతల సంగతీ అంతే. ఒర నుంచి తీసీ పెట్టీ పడే గీతలు కత్తి పొడవునా ఉంటాయి. వాడు అన్నీ అడ్డంగా గీశాడు. అడ్డంగా పడేవి అవతలి కత్తి దెబ్బలు, అవి అంచు దగ్గర లోతుగా, కొన్నే ఉంటాయి. వెండి మెరుపు అంచులకే ఇవ్వాలి. పైన తగిలే ఒత్తిడంతా ఆ సన్నని చోటే పడి, అక్కడే ముందు అరుగుతుంది.

చివరికి తుప్పు చారలు ఎటు జారాలని అడిగాడు. "కత్తిని గోడకు ఎట్ల వేలాడదీస్తవో ముందు చెప్పు" అన్నాను. పిడి పైకి, మొన కిందికి పట్టుకుని చూపించాడు. అప్పుడు చారలు పిడి నుంచి మొనవైపు దించాం.