అవధాని ధారణ వెనక ఏముంది?

అష్టావధానంలో చప్పట్లు ఎక్కువగా సమస్యాపూరణకూ, అప్రస్తుత ప్రసంగంలో పేలే చలోక్తులకూ పడతాయి. చివర్లో ధారణ వచ్చేసరికి సభ కాస్త పలచబడుతుంది కూడా. జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు మాత్రం కదలకుండా కూర్చుని చూడాల్సింది ఆ చివరి ఘట్టమే. అంతవరకూ ముక్కలు ముక్కలుగా చెప్పిన పద్యాలను అవధాని కాగితం చూడకుండా, ఒక్కొక్కటిగా, మొదటి పాదం నుంచి చివరిదాకా అప్పజెబుతారు. దీన్ని సరస్వతీ కటాక్షం అనేసి ఊరుకుంటే ఇక మాట్లాడుకోవడానికేమీ ఉండదు. అవధానం నడిచే పద్ధతిని విప్పి చూస్తే మాత్రం, జ్ఞాపకం మీద ప్రయోగశాలల్లో తేలిన విషయాలు చాలావరకు అందులో ముందే అమరి ఉన్నాయని తెలుస్తుంది.

ముందు పద్ధతి చూద్దాం. అంశాలిచ్చి ప్రశ్నలడిగే పృచ్ఛకులు ఎనిమిదిమంది వరసగా కూర్చుంటారు. నిషిద్ధాక్షరి, సమస్య (ఇచ్చిన చిక్కు పాదాన్ని పద్యంలో ఇమడ్చడం), దత్తపది (ఇచ్చిన మాటలతో పద్యం అల్లడం), వర్ణన వంటి అంశాల్లో అవధాని పద్యాన్ని ఒక్క ఊపున పూర్తిచేయరు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పుకుంటూ పోతారు. అందరూ అయ్యాక మళ్లీ మొదటివారి దగ్గరికి వచ్చి రెండో పాదం. ఇలా నాలుగు ఆవృత్తులు. మధ్యలో గంట కొడుతూ ఉంటారు, ఎన్నిసార్లు కొట్టారో లెక్క చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి ఎప్పుడు పడితే అప్పుడు అడ్డు తగులుతుంటారు. పృచ్ఛకులు పాదాలను రాసుకుంటారు గానీ, అవధానికి వాటిని చూసే వీలుండదు.

అవధాని బుర్రలో మనకు లేని పెద్ద అర ఏదో ఉందనుకోవడం సహజం. ఆ అర అందరికీ ఇరుకే. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగల అంశాలు ఏడుకు కాస్త అటూ ఇటూ అని 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ రాశాడు. లోలోపల వల్లెవేసుకునే అవకాశం, అంశాలను గుత్తులుగా కట్టుకునే అవకాశం తీసేస్తే మిగిలేది నాలుగేనని 2001లో నెల్సన్ కోవన్ లెక్క కట్టాడు. సాధనతో ఇది పెరుగుతుందా? అమెరికాలో ఎరిక్సన్, చేజ్‌లు ఒక కాలేజీ విద్యార్థి చేత దాదాపు 230 గంటలు అంకెల వరసలు అప్పజెప్పించారు. ఏడంకెల దగ్గర మొదలైనవాడు 79 అంకెలకు చేరాడు. పరుగు పందాలు అతనికి ఇష్టం. అందుకని మూడు నాలుగు అంకెలను కలిపి ఫలానా దూరం పరుగుకు పట్టిన సమయంగా మార్చుకునేవాడు. అంకెలు మాని అక్షరాలు ఇచ్చేసరికి మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పెరిగింది అర కాదు, అంకెలకు అతను అల్లుకున్న అర్థం. చదరంగం ఆటగాళ్లదీ ఇదే కథ. నిజమైన ఆటలోంచి తీసిన అమరికను కొన్ని సెకన్లు చూసి నిపుణులు దాదాపు యథాతథంగా తిరిగి పేర్చగలరు. పావులను అడ్డదిడ్డంగా పెడితే కొత్తవాళ్ల మీద వాళ్ల ఆధిక్యం దాదాపు మాయమవుతుందని 1973లో చేజ్, సైమన్‌లు చూపించారు. అవధానికి ఆ అర్థం ఛందస్సు నుంచీ, వేలకొద్దీ పద్యాల పరిచయం నుంచీ వస్తుంది. టెలిఫోన్ నంబర్ల విషయంలో ఆయనా మనలాంటివారే కావచ్చు.

ఇక ఆవృత్తుల దగ్గరికి వద్దాం. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

మొదటి పాదం చెప్పాక ఏడుగురి దగ్గరికి వెళ్లి వచ్చి రెండో పాదం చెప్పాలి. చెప్పాలంటే మొదటి పాదంలో రెండో అక్షరం ఏమిటో గుర్తుండాలి, ప్రాస కలవాలి కదా. వాక్యం ఎక్కడ ఆగిందో, కర్త ఎవరో, విశేషణం దేనికి అన్వయించాలో తెలియాలి. అంటే మొదటి పాదాన్ని వెనక్కి తెచ్చుకోక తప్పదు. మూడో పాదం కోసం ఒకటీ రెండూ, నాలుగో పాదం కోసం మూడూ. లెక్క వేస్తే ధారణకు ముందే మొదటి పాదం మూడుసార్లు, రెండోది రెండుసార్లు, మూడోది ఒకసారి జ్ఞాపకంలోంచి బయటికి వచ్చి ఉంటాయి. నాలుగో పాదానికి ఈ సాధన దక్కదు, కానీ అది అన్నిటికంటే ఆఖరున చెప్పినది కాబట్టి పచ్చిగానే ఉంటుంది. పాతబడిన పాదానికి ఎక్కువ సాధన, కొత్త పాదానికి తక్కువ. జ్ఞాపకం కోసం ఎవరైనా కూర్చుని ప్రణాళిక వేసినా ఇంతకంటే బాగా వేయలేరు. పైగా ఈ తడవలు వెంటవెంటనే రావు. మధ్యలో ఏడుగురి గొడవ ఉంటుంది. శతావధానంలోనైతే తొంభై తొమ్మిదిమందిది.

ఆ విరామం ఎందుకు మేలు చేస్తుందంటే, ఇప్పుడే చెప్పిన పాదాన్ని వెంటనే మళ్లీ అనడానికి జ్ఞాపకం శ్రమపడనక్కర్లేదు, నాలుక చాలు. కాస్త మసకబారాక వెనక్కి లాగితేనే పట్టు బిగుస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం దీనికి మంచి కొలత. ఒక గద్యభాగాన్ని కొందరు విద్యార్థులు నాలుగు విడతలూ చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, రాసినవాళ్లకు 61. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం అంతా వచ్చేసినట్టు ఎందుకు అనిపిస్తుందో, వారానికి ఎందుకు ఎగిరిపోతుందో ఈ నాలుగు అంకెల్లోనే ఉంది.

అప్రస్తుత ప్రసంగాన్ని చాలామంది వినోదం కిందే జమకడతారు. నిజానికి అది ధారణకు పెట్టే అత్యంత కఠినమైన పరీక్ష. 1959లో పీటర్సన్ దంపతులు మూడు హల్లులు చెప్పి, వెంటనే ఒక అంకె నుంచి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లకు ఆ మూడు అక్షరాలు చాలావరకు పోయాయి. లోలోపల వల్లెవేసుకోవడం కుదరకపోతే తాత్కాలిక జ్ఞాపకం ఆయుష్షు అంతే. పద్యం మధ్యలో ‘అవధానిగారూ, ఈ పూట మీ ఇంట్లో కూరేమిటి’ అని అడిగేవారు చేస్తున్నది సరిగ్గా ఈ పనే. గంటల లెక్క కూడా అంతే, వల్లెవేసే దారిని మూసేస్తుంది. కాబట్టి పాదాన్ని నాలుక చివర మోసుకుంటూ సభ గట్టెక్కే అవధాని ఉండరు. అది చెప్పిన క్షణంలోనే లోతుకు దిగి ఉండాలి.

దిగడానికి మొదటి కారణం, అది ఆయన సొంతంగా కట్టినది కావడం. మనం చదివిన మాట కంటే మనమే పూరించి పుట్టించిన మాట బాగా గుర్తుంటుందని 1978లో స్లామెకా, గ్రాఫ్‌లు చూపించారు. నిషిద్ధాక్షరిలో ఇది పరాకాష్ఠకు చేరుతుంది. అవధాని ఒక అక్షరం చెబితే తర్వాత సహజంగా రాబోయే అక్షరాన్ని పృచ్ఛకులు నిషేధిస్తారు, ఆయన దారి మార్చుకోవాలి. వినేవాళ్లకు ఆ పాదం గుర్తుండటం చాలా కష్టం, మాటలు అంత అసహజంగా వస్తాయి. చెప్పినవారికి మాత్రం ప్రతి మలుపులోనూ ఎందుకు తిరగాల్సి వచ్చిందో తెలుసు.

రెండో కారణం ఛందస్సు. దీన్ని కాస్త వివరంగా చూడాలి.

మామూలు మాటల్లో మనకు మిగిలేది భావం, మాట కాదు. 1967లో జాక్విలిన్ శాక్స్ వచనం వినిపించి, అందులో ఒక వాక్యాన్ని కొద్దిగా మార్చి పోల్చమంది. దాదాపు 80 అక్షరాలు గడిచేసరికి అర్థం మారితే పసిగట్టారు గానీ, కూర్పు మాత్రమే మారితే పోల్చుకోలేకపోయారు. ఉత్పలమాల పద్యం మొత్తం 80 అక్షరాలే కావడం కాకతాళీయమే, కానీ ముచ్చటైన కాకతాళీయం. వచనంలోనైతే పద్యమంత దూరం నడిచేసరికి మాటలు జారిపోతాయన్నమాట.

ఉత్పలమాల పాదంలో భ ర న భ భ ర వ గణాలు, 20 అక్షరాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. ‘కమలము’ అని చెప్పి, ధారణలో ‘పద్మము’ అని నోట్లోకి వచ్చిందనుకుందాం. భావం అదే. కానీ మొదటిది నాలుగు లఘువులు, రెండోది ఒక గురువు, రెండు లఘువులు. అక్షరాల లెక్క తప్పుతుంది, గణం విరుగుతుంది, తప్పు వెంటనే చెవికి తగులుతుంది. వృత్తాల్లో ఇలా ప్రతి స్థానానికీ కాపలా ఉంటుంది. కందంలో ఈ కాపలా కాస్త వదులు. రెండు మాటలకూ నాలుగు మాత్రలే కాబట్టి గగ, భ, జ, స, నల గణాలు నడిచే చోట ఒకదాని బదులు ఇంకొకటి దూరినా చెవి పట్టుకోదు. ఒక్క ఆరో గణం దగ్గర మాత్రం నలమో జగణమో ఉండి తీరాలి, అక్కడ ‘కమలము’ నిలుస్తుంది, ‘పద్మము’ నిలవదు. పద్యాలు కంఠస్థం చేసేవాళ్లలో కందాలకే పాఠాంతరాలు ఎక్కువగా దొర్లడానికి ఇదొక కారణం అయి ఉండాలి.

ఛందస్సు తప్పును పట్టివ్వడమే కాదు, పోయిన మాటను వెతికే చోటును కూడా కుదిస్తుంది. మూడో పాదం మొదలు గుర్తుకురాలేదనుకోండి. ప్రాసాక్షరం ఫలానా హల్లు, దాని ముందు గురువు, పదో అక్షరానికి యతి మైత్రి కుదరాలి. ఈ షరతులు దాటుకుని వచ్చే మాటలు తెలుగులో ఎన్ని ఉంటాయి?

వేదపాఠంలో కాపలా మరో రకంగా పెట్టారు. పదాలను 1-2, 2-3, 3-4 అని జతలుగా చెబితే క్రమం. 1-2, 2-1, 1-2 అని ముందుకూ వెనక్కూ తిప్పితే జట. 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అయితే ఘన. ప్రతి పదం ముందున్నదానితోనూ తర్వాతిదానితోనూ రెండు దిక్కులా ముడిపడుతుంది కాబట్టి ఒక పదం జారితే అల్లికే కుదరదు.

పద్యాలు, పాఠాలు నేర్చుకునేవాళ్లకు ఇదంతా ఎంతవరకు పనికొస్తుంది? ఒకే పద్యాన్ని ఇరవైసార్లు చదవడం మానేసి, నాలుగు పద్యాలు పక్కన పెట్టుకోండి. మొదటి తడవ నాలుగింటి మొదటి పాదాలు. రెండో తడవలో మొదటి పాదాన్ని పుస్తకం మూసి చెప్పాకే రెండో పాదం చూడాలి. చివర్లో నాలుగు పద్యాలూ చూడకుండా చెప్పి, అప్పుడు పుస్తకంతో సరిచూసుకోవాలి. ఈ సరిచూసుకోవడం ఎగ్గొడితే మాత్రం ప్రమాదం: తప్పుగా తెచ్చుకున్న మాట కూడా తెచ్చుకున్నకొద్దీ గట్టిపడుతుంది, తర్వాత దాన్ని పెకలించడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. ఇంకో లోపం, ఎప్పుడూ మొదటి పాదం నుంచే ఎత్తుకోవడం. అలా నేర్చినవాళ్లు మూడో పాదం అడిగితే మళ్లీ మొదటికి పరిగెడతారు. అప్పుడప్పుడు మూడో పాదంతో మొదలుపెట్టి చూడాలి. మళ్లీ ఎన్నాళ్లకు తిరగేయాలన్నది ఎంతకాలం గుర్తుండాలన్నదాన్ని బట్టి ఉంటుంది. 2008లో సెపెడా బృందం కొలిచినదాని ప్రకారం, వారంలో పరీక్ష ఉంటే ఒక రోజు ఎడం చాలు, ఏడాది నిలవాలంటే మూడు వారాల ఎడం మెరుగు.

‘ఒక్క రోజులో మూడింట రెండొంతులు మరిచిపోతాం’ అనే మాట కోచింగ్ సెంటర్ల ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. దాని మూలం 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ ప్రచురించిన లెక్కలు. ఆయన కొలిచింది మరుపును కాదు, రెండోసారి నేర్చుకోవడంలో ఎంత సమయం కలిసొచ్చిందన్నది. ఒక రోజు తర్వాత 33.7 శాతం కలిసొచ్చింది, 31 రోజుల తర్వాత కూడా 21.1 శాతం. అదీ ఆయన ఒక్కడి మీద, అర్థంలేని అక్షర గుచ్ఛాలతో చేసినది. అదే మనిషి ఇంగ్లిషు కవి బైరన్ రాసిన 80 అక్షరాల పద్యభాగాన్ని తొమ్మిది చదువుళ్లలోపే పట్టేశాడు. అర్థంలేని గుచ్ఛాలైతే ఆ పొడవుకు 70, 80 సార్లు చదవాల్సి వచ్చేదని ఆయనే అంచనా కట్టాడు. పద్యానికీ చెత్తకూ ఒకే మరుపు రేఖ గీయకూడదని ఆ పుస్తకంలోనే ఉంది, ఎవరూ చదవరు.

ఇంత ఏర్పాటున్నా ధారణ తడబడేది ఎక్కడ? సమయం గడిచినందువల్ల కంటే పోలికల వల్ల ఎక్కువ. ఒకే జాతి అంశాలు వరసగా ఇస్తూ పోతే ప్రతి కొత్తదీ ముందువాటితో కలిసిపోయి జ్ఞాపకం క్రమంగా పడిపోతుందనీ, జాతి మార్చగానే మళ్లీ పుంజుకుంటుందనీ వికెన్స్ 1960లలో ప్రయోగాలతో చూపించాడు. అష్టావధానంలో అంశాలు వేరువేరు కాబట్టి ఈ బెడద తక్కువ. ఒకే రకం అంశాలు పాతికేసి వచ్చే శతావధానంలో మాత్రం ఇది పెద్ద చిక్కే. ఇద్దరు పృచ్ఛకులు వసంత వర్ణనే అడిగి, ఇద్దరూ ఉత్పలమాలే కోరి, అదృష్టం బాగోక ప్రాస కూడా ఒకటే పడితే, ఒక పద్యం మూడో పాదం ఇంకో పద్యంలో అతికినట్టు కూర్చుంటుంది. గణాలు తప్పవు, యతి తప్పదు, అప్పుడు ఛందస్సు కాపలా కూడా పనిచేయదు. పృచ్ఛకులను కూర్చే సంచాలకులు ముందే వస్తువులనూ, వృత్తాలనూ చూసుకుని, ఒకేలాంటివి పక్కపక్కన పడకుండా సర్దితే అవధానికి చేసే మేలు చిన్నదేమీ కాదు.