ఉరుముకి ముందే దడ

కావలి,
కార్తీక మాసం

చిట్టీ, అబ్బయ్యా,

"ఉరుము ఇంకా రాలేదు కదా తాతా, మెరుపుకే గుండె దడెందుకు?" అనడిగారు. మంచి ప్రశ్న. ఇంట్లో కూర్చున్నవాళ్ళకి మెరుపు ఒట్టి వెలుతురే, హడలగొట్టేది ఉరుము. నాలుగుసార్లు జంటగా వచ్చేసరికి వెలుగు వెనకాలే చప్పుడుందని ఒళ్ళు నేర్చేసుకుంటుంది. పుస్తకాల్లో దీన్ని నిబంధన (ఇంగ్లీషులో కండిషనింగ్) అంటారు.

దీన్ని మనుషుల్లో కొలుస్తారు. ఇష్టపడి వచ్చినవాళ్ళనే కూర్చోబెడతారు, వద్దంటే ఆ క్షణమే ఆపేస్తారు. తెరమీద నీలం గడి ఆరేడు సెకన్లు కనిపించి, చివర్లో మణికట్టుకి చిటుక్కుమని చిన్న షాక్. పసుపు గడికి ఏమీ ఉండదు. షాక్‌ని తక్కువ నుంచి పెంచుకుంటూ, "చిరాగ్గా ఉంది, నొప్పి లేదు" అని వాళ్ళన్న చోట నిలుపుతారు. వేళ్ళకి అంటించిన రెండు బిళ్ళలు చెమటని పసిగడతాయి, యంత్రం దాన్ని గీతగా గీస్తుంది. కాసేపటికి నీలం కనిపించిన ఒకటి నుంచి నాలుగు సెకన్లలోనే గీత పైకి లేస్తుంది, షాక్ రాకముందే! చేతులు చల్లబడితే మాత్రం గీత సరిగా లేవదు, గది వెచ్చగా ఉండాలి.

చిక్కంతా తర్వాతే. ఒకే షాక్ పదేపదే ఇస్తే ఒళ్ళు దాన్ని లెక్కచెయ్యడం మానేస్తుంది. మన రైలుకట్ట పక్క ఇళ్ళవాళ్ళు కూత మధ్యనే గుర్రుపెట్టి నిద్రపోవట్లా? అందుకని కొందరు 95 డెసిబెల్ల హోరు, కెవ్వుమనే అరుపు, గొంతుమీద గాలి ఊదడం వాడతారు, మార్చిమార్చి కూడా. ఈసారి ఏదొస్తుందో తెలియనప్పుడు ఒళ్ళు తొందరగా మొద్దుబారదు. కానీ గీత లేచింది గడిని చూసి భయపడా, కొత్త చప్పుడుకి ఉలిక్కిపడా అన్నది తేల్చుకోవడం కష్టమవుతుంది. పైగా అరుపుకి అదిరిపోయేవాడు షాక్‌కి కదలకపోవచ్చు. పసుపు గడితో పోల్చి చూడకుండా ఏ గీతనీ నమ్మకూడదు.

ఇప్పుడు ఉరుమునే చూడండి. దగ్గరిది ఫెళ్ళుమంటుంది, దూరపుది దొర్లుతుంది, ఒక్కోసారి అసలు వినిపించదు. రోజూ ఒకేలా కూసే రైలు కాదది. వస్తుందో రాదో తెలియని దాని భయం వదలడానికి చాలా రోజులు పడుతుంది.

కరెంటు ప్లగ్గుల జోలికి మాత్రం పోవద్దు. ఈసారి వానకి ఇంట్లోనే, కిటికీకి దూరంగా కూర్చుని, మెరిసిన దగ్గర్నుంచి సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. ఏ ఉరుముకి ఎవరు ముందుగా చెవులు మూసుకున్నారో పక్కనే రాసి పంపండి.

మీ తాత