వెనక చక్రం దగ్గరి అయిదు మెట్లు

మన ఊళ్లలో తిరిగే మామూలు బైకుల్లో చాలావాటికి వెనక స్ప్రింగును ఆనుకుని ఒక ఇనుప రింగు ఉంటుంది. దాని అంచు మెట్లుమెట్లుగా కోసి ఉంటుంది. సాధారణంగా అయిదు మెట్లు. దాన్ని తిప్పి మెట్టు మారిస్తే, బండి మోసే బరువును బట్టి స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలో మార్చుకోవచ్చు. బండి కొన్న రోజున రింగు ఏ మెట్టు మీద ఉందో, పదేళ్ల తర్వాత అమ్మే రోజున కూడా చాలా బండ్లలో అదే మెట్టు మీద ఉంటుంది. ఈలోగా ఆ బండి మీద భార్యాపిల్లలు ఎక్కారు, పాలక్యాన్లు వేలాడాయి, ధాన్యం బస్తాలు ఊరు దాటాయి. బరువు ఇంతగా మారినా రింగును ఎవరూ ముట్టుకోలేదు. చేతికందే దూరంలో ఉన్న సౌకర్యాన్ని ఇలా వదిలేయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఎప్పుడైనా ఆ రింగు తిప్పితే "స్ప్రింగు గట్టిపడింది" అంటాం. నిజానికి గట్టిపడదు. స్ప్రింగు గట్టితనం దాని తీగ మందంలో, చుట్టు వెడల్పులో, చుట్ల సంఖ్యలో ఉంటుంది. బలం ఎంత పెరిగితే స్ప్రింగు సాగడమో కుంగడమో అంత పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే ప్రచురించాడు. రింగు తిప్పినా ఆ లెక్క మారదు. బండి నిలబడే ఎత్తు మాత్రమే మారుతుంది.

చిన్న లెక్క వేద్దాం. వెనక స్ప్రింగులు రెండూ కలిసి మూడు కిలోలకు ఒక మిల్లీమీటరు కుంగుతాయనుకుందాం. వెనక సీటులో 60 కిలోల మనిషి కూర్చుంటే ఆ బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది. బండి వెనకభాగం మరో 20 మిల్లీమీటర్లు దిగిపోతుంది. చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరం మొత్తం 80 మిల్లీమీటర్లే అయితే, ఒక్క గుంత కూడా రాకముందే అందులో నాలుగో వంతు ఖర్చయిపోయిందన్నమాట. ఆ తర్వాత పెద్ద గతుకు వస్తే చక్రం తన చివరి హద్దును కొట్టుకుంటుంది. ఆ దెబ్బ నేరుగా వెనక కూర్చున్నవారి వెన్నుకు తగులుతుంది.

ఇదే 20 మిల్లీమీటర్లు ఇంకొక పని కూడా చేస్తాయి. రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 1.25 మీటర్లు అనుకుంటే, వెనకభాగం అంత కుంగినప్పుడు బండి మొత్తం దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. ఒక డిగ్రీయే కదా అనిపిస్తుంది. కానీ 25 మీటర్ల దూరంలో హెడ్‌లైటు వెలుగు ఏకంగా 40 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగు ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. ముందు ఫోర్కు కూడా మరింత ఏటవాలుగా మారి, మలుపుల్లో బండి బద్ధకంగా తిరుగుతుంది. రింగును రెండు మూడు మెట్లు పైకి తిప్పితే పోయిన ఎత్తులో కొంత తిరిగి వస్తుంది.

మరి గట్టిపడినట్టు ఎందుకు అనిపిస్తుంది? సన్నటి మనిషి ఒక్కరే నడిపే బండిని అయిదో మెట్టు మీద పెట్టారనుకోండి. రింగు స్ప్రింగును ముందే బలంగా నొక్కి ఉంచింది. ఆ బలాన్ని మించే బరువు పైన లేదు. కాబట్టి షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగి, హద్దుకు ఆనుకుని ఉండిపోతుంది. చిన్న గతుకులకు అది కదలనే కదలదు. గుంత వస్తే చక్రం కిందికి జారి దాన్ని అందుకోలేదు, బండే గుంతలో పడుతుంది. అందుకే మనిషి ఎక్కాక మొత్తం కదలికలో సుమారు మూడో వంతు కుంగేలా చూసుకోవడం మంచి పద్ధతి. ఇరుసు నుంచి సీటు అంచు వరకు టేపుతో రెండుసార్లు కొలిస్తే సరిపోతుంది. ఒకసారి సెంటర్ స్టాండు మీద, చక్రం గాలిలో ఉన్నప్పుడు. రెండోసారి మీరు బండి మీద కూర్చున్నాక, ఇంకొకరి చేత. ఆ రెండు కొలతల తేడాయే బండి కుంగిన దూరం. రింగు తిప్పడానికి టూల్‌కిట్‌లో కొడవలిలా వంగిన పానా చాలా బండ్లకు ఇస్తారు. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండాలి.

స్ప్రింగు ఒంటరిగా ఉంటే బండి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును చంపేది షాక్ అబ్జార్బర్ లోపలి ఆయిలు. సన్నని రంధ్రాల గుండా దూరుతూ అది కుదుపు శక్తిని వేడిగా మారుస్తుంది. మామూలు బైకుల ముందు ఫోర్కుల్లోనూ ఇదే ఏర్పాటు. ఇక్కడొక చిక్కుంది. రంధ్రం గుండా వెళ్లే ఆయిలు వేగం రెట్టింపైతే అడ్డుకునే బలం దాదాపు నాలుగు రెట్లవుతుంది. బ్రేకు వేసినప్పుడు ఫోర్కు నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ఆయిలు సరిగా ఆపలేదు, ముందుభాగం ఒంగిపోతుంది. పదునైన అంచు తగిలినప్పుడు అదే ఆయిలు రాయిలా అడ్డుపడి మణికట్లకు దెబ్బ తెస్తుంది. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నమూనా స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుకు 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. చక్రం మెల్లగా ఎక్కి దిగుతుంది. వీధిలో ఎవరికి వారు పోసుకున్న ఇరుకు దిమ్మ ఆయిలుకు ఆ వ్యవధి ఇవ్వదు. ఫోర్కు ఒంగుతోందని చిక్కటి ఆయిలు పోయిస్తే ఒంగడం తగ్గుతుంది, మణికట్ల బాధ పెరుగుతుంది. ఈ చిక్కు తగ్గించడానికి ఖరీదైన బండ్లలో ఆయిలు దారిలో, దెబ్బ పెద్దదైనప్పుడు వంగి దారి ఇచ్చే పలుచని బిళ్లలు ఉంటాయి.

స్ప్రింగు చాలా ఏళ్లు మన్నుతుంది. ముందుగా పాడయ్యేవి ఆయిలు, అది కారకుండా ఆపే సీళ్లు. బండిని నిటారుగా పట్టుకుని సీటును గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలబడిపోతే ఆయిలు పని చేస్తున్నట్టే. రెండు మూడు సార్లు ఊగినా, మెరిసే కడ్డీ మీద తడి, దాని మీద అంటిన దుమ్ము కనిపించినా రింగు ఎన్ని మెట్లు తిప్పినా లాభం లేదు. షాక్ అబ్జార్బర్లు జంటగా మార్చాలి, లేదా సీళ్లు వేయించాలి.