గొంతు పాతదే, బాణీ కొత్తది: టీనా టర్నర్ పునరాగమనంపై అపోహలు - వాస్తవాలు

స్టూడియోలో గాయకుల గొంతు రికార్డు చేయడం నా పని. సోల్ సంగీతమంటే, అంటే అమెరికా నల్లజాతివారి చర్చి పాటల నుంచి ఎదిగిన బాణీ అంటే, ప్రాణం. ఏళ్ల తర్వాత ఒక సోల్ గాయని కొత్త సింగిల్‌తో (విడిగా విడుదలయ్యే పాటతో) వచ్చి, అది పాత పాటల్లా లేకపోతే చాలు, "స్టైల్ మార్చేసి చెడగొట్టుకున్నారు" అంటారు. అలా అన్నవాళ్లందరికీ 1983 నవంబరులో వచ్చిన అమెరికన్ గాయని టీనా టర్నర్ పాట 'లెట్స్ స్టే టుగెదర్' వినమని చెబుతాను.

అపోహ: ఎలక్ట్రానిక్ వాద్యాలు వస్తే సోల్ పోతుంది.

వాస్తవం: ఈ పాట మొదట సోల్ గాయకుడు ఆల్ గ్రీన్‌ది. 1971లో నిర్మాత విల్లీ మిచెల్ అమెరికాలోని మెంఫిస్‌లో చేయించారు. డ్రమ్స్, ఆర్గన్, హార్న్స్ (ఊదే వాద్యాలు) మధ్య గ్రీన్ గొంతు మెత్తగా, దాదాపు చెవిలో చెప్పినట్టు ఉంటుంది. టీనా కోసం దాన్ని లండన్‌లో కొత్తగా చేసినవాళ్లు మార్టిన్ వేర్, గ్రెగ్ వాల్ష్. వేర్ హెవెన్ 17 బ్యాండ్‌లో సింథసైజర్లతో (ఎలక్ట్రానిక్ కీబోర్డులతో) పనిచేసిన మనిషి. పాట మొదట్లో బీట్ ఉండదు. పలుచగా పరుచుకున్న సింథసైజర్ స్వరాల మీద ఆమె గొంతు తీరిగ్గా నడుస్తుంది. తాళం ఆ తర్వాతే అందుకుంటుంది. వెనక వాద్యాలు కిక్కిరిసి ఉంటే గొంతు వాటిని దాటడానికి అరవాలి, అరిస్తే సన్నని వివరాలు పోతాయి. ఇక్కడ జాగా ఉంది కాబట్టే ఆమె గొంతులోని గరుకు, మాట చివర వదిలిన ఊపిరి కూడా వినిపిస్తాయి. సోల్ ఉండేది ఆ పలుకులోనే. మాటను తాళం కంటే ఒక్క క్షణం వెనక అందుకోవడం, ఒకే అక్షరాన్ని రెండు మూడు స్వరాల మీద జార్చడం. చర్చి పాటల నుంచి వచ్చిన అలవాటది. గమకం తెలిసిన మన చెవికి చప్పున పట్టుబడుతుంది.

అపోహ: ఒక్క పాటతో రాత్రికి రాత్రే తిరిగొచ్చారు.

వాస్తవం: 1976లో టీనా తన భర్త, తనతో కలిసి కచేరీలు చేసిన ఐక్ టర్నర్‌ను వదిలి వచ్చారు. 1978లో విడాకులప్పుడు తన పేరు తనకుంటే చాలనుకున్నారు. 'రఫ్', 'లవ్ ఎక్స్‌ప్లోజన్' ఆల్బమ్‌లు నడవలేదు. 1982లో వేర్ బృందానికి 'బాల్ ఆఫ్ కన్‌ఫ్యూజన్' పాడాకే దారి దొరికింది. ఆ తర్వాత వచ్చిన 'లెట్స్ స్టే టుగెదర్' పాటల జనాదరణ పట్టికల్లో బ్రిటన్‌లో 6వ స్థానానికి, అమెరికాలో 26వ స్థానానికి చేరింది.

అపోహ: పాట నచ్చితేనే గాయని ప్రాణం పెట్టి పాడగలదు.

వాస్తవం: ఆ తర్వాత వచ్చిన 'వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్' పాట టీనాకు మొదట నచ్చలేదు. నిర్మాత టెర్రీ బ్రిటెన్ పాటను ఆమె గొంతుకు తగ్గట్టు మలిచారు. ఆమె అరవకుండా, అణిచిపెట్టి పాడారు. 1984 సెప్టెంబరులో అది అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు.

అపోహ: వయసు పెరిగితే గొంతు అయిపోయినట్టే.

వాస్తవం: గొంతు మారుతుంది, అంతే. మారినదానికి సరిపడే శ్రుతి వెతకాలి. చాలా ఏళ్ల విరామం తర్వాత ఒక పెద్ద గాయని మా స్టూడియోకి వచ్చారు. పాత శ్రుతిలోనే పాడతానని పట్టుబట్టారు. మూడు టేకుల్లోనూ పై స్వరం పగిలింది. "అమ్మా, ఒక్కసారి రెండు మెట్లు దించి చూద్దామా?" అని అడిగాను. అయిష్టంగానే ఒప్పుకున్నారు. పల్లవి అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంకో టేక్ పెట్టు నాయనా, చరణం కూడా ఇందులోనే పాడతాను" అన్నారు.